లేని గదుల బొంత

ఇళ్ళు కూలుస్తామని నోటీసు వస్తే బొంత కుట్టడమేమిటని ఇవాంజెలిన్ మీద అరిచింది నేనే. అరవకుండా ఎలా ఉంటాను? నాంపల్లి స్టేషన్ వెనక, మురుగు నాలా పక్కన మా గల్లీ. గల్లీ మొగలో గోడకు అంటించిన కాగితానికి బంక ఇంకా ఆరలేదు. పాత ఇళ్ళయితే సర్వే చేసి ఉంచే సంగతి చూస్తారట. ఈ మధ్య కట్టినవైతే మాటల్లేవు, కొట్టేయడమే. ఆడవాళ్ళు ఏడుస్తున్నారు, మగవాళ్ళు ఎవరెవరికో ఫోన్లు చేస్తున్నారు. మా ఆడబిడ్డ మాత్రం గడప గడపకీ తిరిగి పాత బట్టలు అడుగుతోంది.

"పాత చీరలెందుకే ఇవా? జేసీబీ కింద పరుస్తవా?"

"బొంత కుడదాం వదినా. అందరం కూసోని. గల్లీ మొత్తం ఒక్క బొంతల రావాలె."

"దిమాక్ గిట్ల ఖరాబైందా నీకు?"

"నీ ధర్నా నువ్వు చేస్కో. నా పని నన్ను చేస్కోనీ."

మాట మెత్తగా ఉంటుంది ఆమెది. మనిషి మాత్రం మొండి.

ఇవాంజెలిన్ ఆర్టిస్టు. అబిడ్స్‌లో ఒక స్కూల్లో డ్రాయింగ్ చెప్పేది, మానేసింది. ఇప్పుడు జనంతో బొమ్మలు వేయిస్తుంది. తను వేయదు, వేయిస్తుంది. పోయినేడాది అబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారాలు పాత పుస్తకాలు అమ్మేవాళ్ళ దగ్గర చేరింది. పుస్తకాల కింద పరిచే పట్టాల మీద ఎవరి ఊరి దారి వాళ్ళచేత రంగులతో వేయించింది. పొద్దున పుస్తకాలు పరిస్తే దారి కనపడదు. ఒక్కో పుస్తకం అమ్ముడవుతుంటే కొంచెం కొంచెం బయటపడుతుంది. బంజారాహిల్స్ నుంచి కార్లలో వచ్చి ఫొటోలు తీసుకుపోయారు. "నీ పేరేదీ?" అని అడిగితే, "నేను వెయ్యలే గద వదినా" అంది. గీత గీయని ఆర్టిస్టును ఈమె తప్ప నేను చూడలేదు.

మా ఇంట్లో నలుగురం. నేను, స్టేషన్ పార్సిల్ ఆఫీసులో పనిచేసే నా పెనిమిటి సామ్ సుందర్, అతని చెల్లెలు ఇవాంజెలిన్, వాళ్ళమ్మ జీవరత్నం. మా అత్తమ్మ వయసులో ఉండగా మెదక్ దిక్కు బైబిలు స్త్రీగా ఊరూరూ నడిచి వాక్యం చెప్పిన మనిషి. గొంతు పెంచకుండా పది మందిని కూర్చోబెట్టగలదు. నేను గొంతు పెంచుతాను. బస్తీ కమిటీ నాది, డోరా కమిటీ అంటారు. బడి సగంలో మానేశాను. చట్టం కోర్టు వరండాల్లో నిలబడి నేర్చుకున్నాను. తప్పులు మాట్లాడతానని వకీళ్ళు నవ్వుతారు. నవ్వనీ, నీళ్ళ కనెక్షన్ తెచ్చింది వాళ్ళు కాదు.

ఈస్టరుకు ముందు ఉపవాసాల శ్రమల కాలం మొదలైన వారమే మా ప్రార్థన మందిరం హాల్లో బొంత పరిచారు. క్రైస్తవులు, హిందువులు, తురకలు, గల్లీ ఆడవాళ్ళందరూ మధ్యాహ్నం పని తెముల్చుకుని వచ్చి చుట్టూ కూర్చునేవాళ్ళు. బొంత ఎప్పుడూ అంచు నుంచి కుడతారు. కుట్టేకొద్దీ లోపలికి జరుగుతారు, చివరికి అందరి మోకాళ్ళూ నడిమిట్లో తగులుతాయి. నాలాకు ఎవరో చిరిగిన గొడుగు గుడ్డ ఇచ్చారు, నల్లగా, కరెక్టుగా నాలా లాగే ఉంది. రైలు పట్టాలకు సామ్ ఖాకీ ప్యాంటు పీలికలయింది. ఇవాంజెలిన్ పెట్టిన షరతు ఒక్కటే. ఏ ఇంటి ముక్క ఆ ఇంటి బట్టతో, ఆ ఇంటి మనిషే కుట్టాలి. ఒకరి ముక్కలో ఇంకొకరు సూది పెట్టకూడదు. తను మాత్రం చుట్టూ తిరుగుతూ కళ్ళు ఆనని ముసలివాళ్ళ సూదుల్లో దారం ఎక్కించేది.

నాకు కూర్చునే తీరికెక్కడిది? ఆఫీసుకూ గల్లీకీ తిరుగుతున్నాను. సర్వే ఆఫీసరు శశికిరణ్ అని కుర్రాయన. నా గొంతు వినగానే కుర్చీ వెనక్కి జరుపుకునేవాడు.

"మేడం, మీ గల్లీకి మా దగ్గర నక్షానే లేదు. ఏది పాతదో ఏది కొత్తదో నేను దేన్ని చూసి రాయాలె?"

"మా దగ్గరుంది నక్షా" అన్నాను.

"ఏదీ?"

"మా ఆడోళ్ళు కుడుతున్నరు. వచ్చి చూడుండ్రి. ఏ ఇల్లు ఎట్లుందో, ఎవరి గోడ ఎవరికి ఆనుకుందో మొత్తం ఉంటది."

ఆయన నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. ఈస్టరుకు వారం ముందు వచ్చే మట్టల ఆదివారం ఉంది కదా, దానికి ముందు శుక్రవారం వస్తానన్నాడు. "కానీ ఒక మాట. అందులో ఉన్నది, నేల మీద ఉన్నది ఒక్కటై ఉండాలె. కొత్తగా ఏసింది ఒక్కటి దొరికినా గల్లీ మొత్తం కొత్తదే అని రాసి పంపుత. తర్వాత నన్ను అనొద్దు."

ఆ మాట గల్లీలో చెబితే అందరూ తలలూపారు. ఇవాంజెలిన్ ఒక్కతే సూది చేతిలో పట్టుకుని నా వంక చూసింది. "నన్ను ఒక్కమాట అడుగకపోతివి గద వదినా" అంది. అడగడానికి ఏముందని నేను పట్టించుకోలేదు.

గురువారం మధ్యాహ్నం బొంత పూర్తయిందని కబురొస్తే హాలుకు వెళ్ళాను. చెప్పులు విడిచి, మోకాళ్ళ మీద వంగి మొదటిసారి ఇల్లిల్లూ చూశాను. చూస్తూ చూస్తూ విమల ఇంటి దగ్గర ఆగాను. విమల అబిడ్స్‌లో మిర్చి బండి పెడుతుంది. ఆమె ఇల్లు ఒక్క గది, పైన రేకు, రేకు ఎగరకుండా రాళ్ళు. బొంతలో మాత్రం నూనె మరకల చీర ముక్క మీద ఇంకో ముక్క ఉంది. దానికి రెండు కిటికీలు.

"విమలా, ఇదేందే?"

"మేడ అక్కా."

"మీకు మేడ ఏడిది?"

"మా పోరడు బబ్లూ పెండ్లికి ఏస్తం గద."

"పెండ్లెప్పుడు?"

"పిల్ల దొరకాలె గద అక్కా!"

అందరూ పకపకా నవ్వారు. నేను జరిగి పక్కిల్లు చూశాను. ఉజ్వల ఇంటికి స్నానాల గది. గల్లీలో ఎవరికీ లేదది. తలుపుకు జరీ దారంతో గొళ్ళెం కూడా కుట్టింది.

"చుట్టూ చీర కట్టుకొని స్నానం చేసుడు యాష్టకొచ్చింది డోరక్కా" అంది ఉజ్వల. "గీడన్న తలుపు పెట్టుకున్న."

ఇంకో ఇంటికి ముందర దుకాణం. ఇంకో ఇంటికి మెట్లు. మెట్లు ఎక్కడికి పోతాయో కుట్టినామెకే తెలియదు. సగం గల్లీ లేని గదులతో నిండిపోయి ఉంది. రేపు ఆఫీసరు ఇది చూసి ఏమంటాడు? అబద్ధపు నక్షా అంటాడు, లేదా కట్టబోతున్నారు అంటాడు. ఏదన్నా మా పని అయిపోయినట్టే.

"నువ్వు చూసుకుంట కూసున్నవా?" ఇవాంజెలిన్ మీద విరుచుకుపడ్డాను.

"మీ ఇల్లు కుట్టుండ్రి అన్న. కుట్టిన్రు."

"లేనియి కుడితే అబద్ధం గాదా?"

"నక్షా అని నేనెప్పుడన్న అన్నానా? ఆఫీసరును పిలిచింది నువ్వు."

"మరేందిది? షోకు కోసం కుట్టించినవా? మళ్ళ కార్లల్ల వచ్చి ఫొటోలు తీసుకోనీకా?"

ఆ వారం అంతా ఆమె సరిగ్గా తినడం లేదని నాకు తెలుసు. ఆమెకూ భయమే. ఆమెది లోపల ఉంటుంది, నాది నోట్లో ఉంటుంది.

నేను మందిరం కాపలాదారు దగ్గర బ్లేడు అడిగి తెచ్చాను. ఇవాంజెలిన్ అడ్డం నిలబడింది. "ఒకరి ముక్కల ఒకరు సూది పెట్టొద్దన్నం. బ్లేడు గూడ గంతే."

"అయితే వాళ్ళతోనే విప్పిస్త." ఆడవాళ్ళ వైపు తిరిగాను. "చెప్పుండ్రి. ఇండ్లు ఉండాల్నా, గదులు ఉండాల్నా?"

విమల చేయి చాపింది. బ్లేడు ఇచ్చాను. ఆమె కుట్లు ఒక్కొక్కటీ తెంపింది.

"ఏసిన మేడ కూలగొట్టినట్టే ఉందక్కా" అంది. ముక్క మడిచి రొండిన దోపుకుంది. తర్వాత ఉజ్వల. తర్వాత మెట్లు కుట్టినామె. బ్లేడు చేతులు మారుతూ పోయింది. ఇవాంజెలిన్ బయటికి వెళ్ళి గోడకు మొహం పెట్టి నిలబడింది.

అందరూ విప్పారు. అత్తమ్మ ఒక్కతే కదలలేదు. అప్పుడు చూశాను మా ఇల్లు. సామ్ నీలం చొక్కాతో గోడలు. దాని ముందర తెల్లగా, అత్తమ్మ పెళ్ళినాటి తెల్ల చీర ముక్కతో ఒక గది. దానికి వేరే తలుపు, గల్లీలోకి.

"ఈ గదెవరికి అత్తమ్మా? ఇవాకా?"

"నాకు."

"నీకేంది? ఇల్లంత నీదే గద!"

"ఔ, ఇల్లు నాదే. జాగ నీది."

మళ్ళీ బొంతను చూశాను. ఆ గది కుట్టిన చోట నిజానికి ఉన్నది మా రేకుల షెడ్డు. కమిటీ మీటింగుల కోసం మూడేళ్ళ కింద నేను వేయించాను. ఇంటి ముందరి ఆ ఖాళీ జాగాలో అప్పటిదాకా అత్తమ్మ మంచం ఉండేది. షెడ్డు బొంతలో లేదు.

"మన షెడ్డేది?"

"అది ఇల్లు గాదు గద. నీ మీటింగులది."

అప్పుడు తట్టింది. అందరి ఇళ్ళలోనూ కొత్తవి బొంత మీదే ఉన్నాయి, నేల మీద లేవు. నేల మీద నిజంగా కొత్తగా వేసింది గల్లీ మొత్తంలో ఒక్కటే. అది నాది.

"విప్పు అత్తమ్మా."

"విప్పను."

"రేపు అడుగుతడు."

"అడుగనీ."

బ్లేడు నా చేతికే తిరిగి వచ్చింది. అత్తమ్మ అరచేయి తెల్లగుడ్డ మీద ఆనించి ఉంది. ఆ చేతిని నేను జరపలేదు.

ఇంటికొచ్చి సామ్‌కు చెబితే, "తీసేద్దామా షెడ్డు?" అన్నాడు.

"కమిటీ ఆఫీసు మనమే పీక్కుంటే జనం ఏమనుకుంటరు? భయపడ్డది అనుకుంటరు."

"భయపడ్డం గద" అన్నాడు.

"రేకులే గద సామ్. రేకులు ఎవరు లెక్కపెడతరు?"

శుక్రవారం ఆఫీసరు టేపు పట్టుకున్న మనిషిని వెంటబెట్టుకుని వచ్చాడు. హాలు గుమ్మం దగ్గర బూట్లు విడిచాడు. అది నాకు నచ్చింది. బొంత చుట్టూ నడిచాడు. తర్వాత మోకాళ్ళ మీద కూర్చున్నాడు, విమల ఇంటి దగ్గర. వేలితో తడిమాడు. మేడ విప్పిన చోట సూది బెజ్జాలు వరసగా, చీమలబారులా కనిపిస్తున్నాయి. చుట్టూ గుడ్డ చేతుల మురికితో మాసి ఉంది. విప్పిన చోటు శుభ్రంగా ఉంది.

"ఏందమ్మా, గీడ ఏదో పీకినట్టుంది?"

"కుట్టు తప్పింది సార్" అన్నాను.

ఆయన పక్కింటి మీద చేయి పెట్టాడు. తర్వాతి ఇంటి మీద. "ఇన్ని ఇండ్లల్ల తప్పిందా? ఏం దాస్తున్నరు?" అని లేచి నిలబడ్డాడు.

విప్పకుండా ఉంటే పిచ్చి ఆడవాళ్ళు అనుకునేవాడేమో. విప్పించి దొంగల్ని చేశాను.

గోడ దగ్గర నుంచి ఇవాంజెలిన్ వచ్చింది. "సార్, కుట్టించింది నేను. లేని గదులు కుట్టుకున్నరు. కావాల్ననుకున్నయి. మీరొస్తున్నరని నిన్న విప్పుకున్నరు." తర్వాత విమల వైపు చూసింది. "విమలక్కా, నీ మేడ ఉందా?"

విమల నా మొహం చూసింది. నేను కళ్ళు దించుకున్నాను. ఆమె రొండిన దోపుకున్న ముక్క తీసి, మడతలు చేత్తో సాపు చేసి, బెజ్జాల మీద పెట్టింది. సరిగ్గా సరిపోయింది. తర్వాత ఉజ్వల జాకెట్లోంచి స్నానాల గది తీసింది. ఒకరి తర్వాత ఒకరు వంగి పెట్టారు. నిన్న రాత్రంతా అవి ఒంటిమీదే ఉంచుకున్నారా వీళ్ళు?

"ఇయ్యన్ని కడుతున్నరా?" అన్నాడాయన.

"దేనితోని సార్?" అంది ఉజ్వల. "మీ నోటీసు అంటించిన బంక ఉంది, గదానితోనా?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన నవ్వు ఆపుకున్నట్టు గొంతు సవరించుకున్నాడు. "సరే, గల్లీ చూద్దాం. ఇందులో ఒక్కటి నిజంగ కనిపించినా ఊకోను."

తిరిగాడు. విమల రేకు మీద రాళ్ళు చూశాడు. ఉజ్వల చీర కట్టిన స్నానాల చోటు దగ్గర తల తిప్పుకున్నాడు. బొంతలో మెట్లున్న ఇంటికి నేల మీద మెట్లు లేవు. ఇంటింటి దగ్గరా టేపు సాగింది, ముడుచుకుంది, 'పాతది' అని రాసుకున్నారు. మా వెనకే గల్లీ మొత్తం నడుస్తోంది. చివర మా ఇల్లు.

ఆయన ఆగాడు. తల పైకెత్తి రేకులు చూశాడు. ఇనుప పైపులు చూశాడు, ఇంకా మెరుస్తూనే ఉన్నాయవి.

"బొంతల ఇక్కడ తెల్ల గది ఉండె. ఇక్కడేమో షెడ్డుంది. ఇదేంది?"

పాతదే సార్, మా మామ వేసింది అని నాలుక చివరిదాకా వచ్చింది. చెప్పేదాన్నే. అత్తమ్మ నన్ను దాటుకుని ముందుకొచ్చింది.

"వందనాలు సార్. అది మూడేండ్ల కింద ఏసింది."

"అంటే కొత్తదే."

"ఔ. కొత్తదే."

వెనక విమల "అయ్యో ముసల్దానా!" అనడం వినిపించింది. ఎవరో ఏడుపు మొదలుపెట్టారు. టేపు మనిషి పెన్ను తీశాడు. ఇరవై ఏళ్ళ కొట్లాట ఒక్క మాటతో పోయింది అనుకున్నాను.

"మా కోడలు మీటింగులకు ఏసింది" అని అత్తమ్మ మామూలుగా, ప్రార్థన కూటంలో ప్రకటన చదివినట్టు చెప్పింది. "ఇప్పుడే తీస్తది. ఎండలొచ్చిన్రు, కూసోని చాయ్ తాగుండ్రి. ఇవా, సార్‌కు కుర్చీ ఎయ్యి." నా వైపు తిరిగింది. "పానా తే డోరా."

అందరూ నన్ను చూస్తున్నారు.

నేను లోపలికి వెళ్ళి పానా తెచ్చాను.

స్టూలెక్కాను. ఇవాంజెలిన్ స్టూలు కాళ్ళు పట్టుకుంది. మొదటి బోల్టు కదల్లేదు. రెండు చేతులతో తిప్పాను. ఊడింది. విమల కొంగు నడుముకు చుట్టుకుని రేకు కింద చేయి పెట్టింది, ఉజ్వల ఇంకోవైపు. పాత ధర్నాల ఫ్లెక్సీలు దబదబా నెత్తిన పడ్డాయి. ఒక్కో రేకు దిగుతుంటే ఎండ కొంచెం కొంచెంగా గడప మీదికి వచ్చింది. ఆఫీసరు చాయ్ గ్లాసు పట్టుకుని గల్లీ మొగ వైపు చూస్తూ కూర్చున్నాడు, మాకు వీపు పెట్టి. చివరి పైపు దిగాక గ్లాసు కింద పెట్టి లేచాడు.

"ఖాళీ జాగ రాయ్" అన్నాడు టేపు మనిషితో.

వెళ్ళేముందు నా దగ్గర ఆగాడు. "పాత గల్లీ అనే రాసి పంపుతున్న. పైవాళ్ళు ఏమంటరో నా చేతుల్లేదు. మళ్ళొస్త మేడం. వచ్చినప్పుడు గిట్లనే ఉండాలె. ఒక్క ఇటుక ఎక్కువ కనిపించొద్దు."

ఎవరూ జేజేలు కొట్టలేదు. గెలిచామో లేదో తెలిస్తే కదా. పైనుంచి ఏ కాగితం వస్తుందో అన్న గుబులు ఆ ఎండాకాలం అంతా మాతోనే ఉండిపోయింది.

ఆ సాయంత్రం హాల్లో ఆడవాళ్ళు విప్పిన గదులు మళ్ళీ కుట్టుకుంటున్నారు. ఇవాంజెలిన్ సూదుల్లో దారం ఎక్కిస్తోంది. నేను వెళ్ళలేదు. చేతులకు బొబ్బలెక్కాయి, కోపం దిగలేదు. ఇంటికొస్తే ఖాళీ జాగాలో కుర్చీ వేసుకుని అత్తమ్మ కూర్చుని ఉంది. పైన ఆకాశం.

"గల్లీ పోతే ఏం చేద్దువు?" అన్నాను. "పాతదని ఒక్కమాట అంటే అయిపోతుండె గద!"

"శ్రమల దినాలల్ల నాతోని అబద్ధం ఆడిపిస్తవా? ఎటన్న ఇనుమును చూస్తే తెల్వదా ఆయనకు?" అంది. మళ్ళీ తనే, "ఇటుకలు ఎప్పుడు తెప్పిస్తవ్?" అంది.

"ఏం ఇటుకలు?"

"నా గదికి."

"విన్నవ్ గద ఆయన మాట! ఒక్క ఇటుక కనిపిస్తే గల్లీ మొత్తం పోతది. కొత్తది కట్టనియ్యరు అత్తమ్మా, ఎవ్వరినీ కట్టనియ్యరు."

"నీకొచ్చింది కొట్లాడుడే గద. దీనికి కొట్లాడు."

ఇన్నేళ్ళూ కూల్చొద్దని కొట్లాడాను. కట్టుకోనివ్వమని ఎవరైనా నన్ను అడుగుతారని తోచలేదు. ఎవరి దగ్గరికి పోవాలో, ఏ కాగితం పెట్టాలో కూడా నాకు తెలియదు. గడప మీద కూర్చుని ఆ జాగా వంక చూశాను.

"ఎంత గది కావాలె?"

"మంచం, కుర్చీ పడితే సాలు. తలుపు గల్లీలకు."

"ఇంట్లకెల్లి తలుపు వద్దా?"

అత్తమ్మ నా మొహం చూసి ఆలోచించింది.

"నువ్వు తట్టి వస్తనంటే పెట్టు."